ఆ తల్లిని అడిగిండా?

మాది వరంగల్ కొత్తవాడ. పోచమ్మ మైదాన్ దగ్గర బస్సు దిగి లోపలికి నడిస్తే ఆ రోజుల్లో ఏ గల్లీలోకి మళ్లినా మగ్గం చప్పుడే. జంపఖానాలు, షతరంజీలు, దుప్పట్లు, టవళ్లు. 2018లో మన జంపఖానాలకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివిన పొద్దున, బాపు ఉంటే ఎంత సంబరపడేవాడో అనుకున్నాను. బాపు గుంట మగ్గంలో కూర్చుని నేస్తుంటే ఆ పక్కనే గోడకానుకుని చదువుకునేదాన్ని. అక్కణ్నుంచి లేచి సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీకి పోయేదాన్ని, 1983 నుంచి 86 దాకా.

తత్వశాస్త్రం నాకు పుస్తకాల్లోంచి రాలేదు. ఒక సార్ చెప్పిన కథగా వచ్చింది, ఆ కథ విని మా అవ్వ, అంటే అమ్మ, వేసిన ప్రశ్నగా నిలిచిపోయింది. మనిషి ఎట్లా ఎంచుకుంటాడు, ఎంచుకున్నదానికి ఎవరు జవాబుదారీ, అసలు ఎంచుకునే వీలు ఎవరికుంటుంది అని ఈ నలభై ఏళ్లలో ఎన్నిసార్లు ఆలోచించినా, తిరిగి తిరిగి ఆ ప్రశ్న దగ్గరికే వస్తున్నాను.

మాకు పొలిటికల్ సైన్స్ చెప్పే సార్ సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎప్పుడూ ఖద్దరు చొక్కానే. సిలబస్‌లో 'స్వేచ్ఛ' అని ఒక పాఠం ఉండేది. పరీక్షకు కావల్సిన నోట్సంతా చెప్పేసి, పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, "ఇగ ఇప్పుడు చెప్పేది పరీక్షల రాదు, రాసుకోకండి" అన్నారు. మేం పెన్నులు మూశాం. బహుశా అందుకే ఆ ఒక్కటీ గుర్తుండిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ జర్మనీ చేతిలో ఉన్నప్పటి సంగతి. తత్వవేత్త సార్త్ర్ దగ్గరికి ఆయన శిష్యుడొకడు వచ్చాడు. వాళ్ల అన్న 1940లో జర్మన్ల దాడిలో చనిపోయాడు. తండ్రి శత్రువు వైపు మొగ్గుతున్నాడని తల్లికీ తండ్రికీ పడటం లేదు. తల్లికి మిగిలింది ఈ ఒక్క కొడుకు. వాడి మనసేమో ఇంగ్లండు పోయి, అక్కడున్న ఫ్రెంచి సేనలో చేరి, అన్న చావుకు బదులు తీర్చుకోవాలని. పోతే తల్లి కుమిలిపోతుందని తెలుసు. పోయినా చేరతాడన్న నమ్మకం లేదు. దారిలో స్పెయిన్‌లో ఏదో శిబిరంలో ఇరుక్కుపోవచ్చు, లేదంటే ఆఫీసులో కూర్చోబెట్టి ఫారాలు నింపమనొచ్చు. ఇంట్లో ఉంటే మాత్రం చేసే ప్రతి పనీ తల్లికి నేరుగా అందుతుంది, కానీ అది ఒక్క మనిషికే. ఏం చెయ్యమంటారు అని అడిగాడు. నీకు స్వేచ్ఛ ఉంది, నువ్వే ఎంచుకో అన్నాడు సార్త్ర్. 1945 అక్టోబరులో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఈ సంగతి ఆయనే చెప్పాడు. ఏ ధర్మశాస్త్రం తెరిచినా ఆ పిల్లవాడికి జవాబు దొరకదు, వాడు చేసిన పనే వాడి జవాబు అవుతుంది అని.

సార్ ఆపారు. క్లాసులో ఎవరూ కదల్లేదు. అది 1985 వరంగల్ అని గుర్తు పెట్టుకోవాలి. హాజరు పిలిచేటప్పుడు పలకని పేర్లు కొన్ని ఉండేవి. ఎందుకు రావట్లేదని సార్ అడిగేవారు కాదు, మేమూ చెప్పేవాళ్లం కాదు. అన్నల్లో, అంటే నక్సలైట్లలో, కలిసిండ్రని అందరికీ తెలుసు. పారిస్ పిల్లవాడి కథ మాకు పరాయిది అనిపించలేదు. ఒక్కొక్కరి మనసులో ఒక్కో ముఖం మెదిలింది.

ఆ రోజే సార్ ఇంకో మాట చెప్పారు. సలహా కోసం ఎవరి దగ్గరికి పోవాలో నిర్ణయించుకున్నప్పుడే మనిషి సగం ఎంచుకున్నట్టట. దీనికి సార్త్ర్ చెప్పిన ఉదాహరణ చర్చి ఫాదర్లది. ఫలానా ఫాదర్‌నే అడగాలని పోయేవాడికి, ఆయన ఏం చెబుతాడో ముందే కొంత తెలుసు. నాకు వెంటనే మా వాడ కనిపించింది. మా ఇంట్లో ఎవరికైనా ఒక పని చేయబుద్ధయితే మేనమామను అడిగేవాళ్లు, ఆయన దేనికైనా "కానియ్" అనే మనిషి. చేయబుద్ధి కాకపోతే పెద్దనాయిన దగ్గరికి పోయేవాళ్లు, ఆయన "ఇప్పుడెందుకురా" అనకుండా ఉండడు. ఆ తర్వాత 'పెద్దలు చెప్పిండ్రు' అని తిరిగేవాళ్లు. సంబంధాలు, చిట్టీలు, ఇల్లు అమ్మడాలు, అన్నీ అట్లనే నడిచేవి. నా పెళ్లి కూడా.

మా క్లాసులో ములుగు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచింది. ఎన్నడూ నోరు తెరవని పిల్ల. "సార్, ఆ పిలగానికి రెండు దార్లున్నయి. మాకు ఒక్కటి గూడ మేం ఏరుకునేది లేదు. ఇగ స్వేచ్ఛ ఏడిది?" అంది. సార్ అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పేసి దాటెయ్యలేదు, రేపు మాట్లాడుకుందాం అన్నారు. మర్నాడు వచ్చి సిమోన్ ది బోవా గురించి చెప్పారు. సార్త్ర్‌తో జీవితమంతా కలిసి నడిచిన ఆమే, స్వేచ్ఛ అందరి చేతికీ ఒకే తీరుగా అందదని, పుట్టిన చోటూ పెరిగిన తీరూ దాన్ని కుదించేస్తాయని వాదించిందట. ఆ అమ్మాయికి సగమైనా జవాబు దొరికిందో లేదో తెలియదు. డిగ్రీ చివరి సంవత్సరంలో పెళ్లి చేసి పంపించారు.

పారిస్ పిల్లవాడి కథను ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పాను. అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నూలు పట్టుకునేది. ఏళ్ల తరబడి పోగు జారీ జారీ ఆ చూపుడువేలి మీద సన్నటి గీత పడింది. నూలులో ఎక్కడైనా ఉండ వస్తే కంటికి కనిపించక ముందే ఆ గీతకు తెలిసేది, రాట్నం ఆగేది. ఉండ తీసి, పోగు కొసలు రెండూ కలిపి నలిపి, మళ్లీ తిప్పేది. కథ చెబుతున్నంతసేపూ రాట్నం తిరుగుతూనే ఉంది. నేను చెప్పడం అయిపోయాక ఆగింది.

"ఆ తల్లిని అడిగిండా?"

"ఏమని?"

"పోవాల్నా ఉండాల్నా అని. ఆమె మీదనే గదా ఈ పంచాయితంతా. సారు దగ్గరికి పోయిండు గని, ఇంట్లున్న తల్లిని అడిగిండా లేదా?"

నాకు జవాబు తెలియలేదు. మగ్గం దగ్గర్నుంచి బాపు అందుకున్నాడు. "మన మార్కండేయుని సంగతి గంతే గదనే. పదారేండ్లు బతికే తెలివిగల కొడుకు గావాల్నా, నిండు నూరేండ్లు బతికే తెలివిలేనోడు గావాల్నా అని శివుడు అడిగిండు. తల్లిదండ్రులే ఏరుకున్నరు. బతికేటోణ్ని ఎవరడిగిండ్రు?"

మా పద్మశాలీలకు మార్కండేయుడు కులదేవుడి వంటివాడు. కూనపులివాళ్లు వచ్చి చేర్యాల పటం గోడకు వేలాడగట్టి, రాత్రంతా ఆ కథ చెప్పేవాళ్లు. శివలింగాన్ని కౌగిలించుకున్న పిల్లవాడు, పాశం విసిరిన యముడు, ఆ బొమ్మలు చిన్నప్పటి నుంచీ చూసినవే. ఆ కథలో తల్లిదండ్రుల ఎంపిక గురించి అడగొచ్చని మాత్రం అంతవరకు తోచలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఇద్దరు మనుషులు, బడి గడప తొక్కని ఇద్దరు, ఒకే విషయాన్ని రెండు వైపుల నుంచి పట్టుకున్నారు. ఒకరి ఎంపిక ఇంకొకరి బతుకును ఎటో తిప్పుతుంది. ఆ ఇంకొకరి నోట మాట రాకుండానే కథ ముగిసిపోతుంది.

మర్నాడు సార్‌ని అడిగితే కాసేపు ఆలోచించి, "సార్త్ర్ చెప్పిన దాంట్లో ఆ తల్లి మాట్లాడదమ్మా" అన్నారు.

అప్పటి నుంచి నేను కథలను ఇంట్లో మిగిలిపోయినవాళ్ల వైపు నుంచి చదవడం మొదలుపెట్టాను.

బాపు గురించి ఒక మాట చెప్పాలి. నేస్తుండగా పడుగులో ఒక్క పోగు తెగినా మగ్గం ఆపేవాడు. నాడె పక్కన పెట్టి, వంగి, తెగిన కొస వెతికి, అతికి, మళ్లీ మొదలుపెట్టేవాడు. జంపఖానా మందంలో ఒక పోగు పోతే ఎవరికీ కనిపించదు. గజం లెక్కన కూలి, ఆపిన కొద్దీ నష్టం. "ఒక్క పోగే గదా బాపూ" అంటే, "అందరు ఒక్క పోగే గదా అనుకుంటే ఇగ కొత్తవాడ జంపఖానా అని ఎవడు కొంటడే" అనేవాడు. మనిషి తన కోసం ఎంచుకునేటప్పుడు మనుషులందరి తరఫునా ఎంచుకుంటున్నట్టే అన్న సార్త్ర్ మాట సార్ క్లాసులో చెబితే చాలామందికి ఎక్కలేదు. నాకు ఎక్కింది. మా ఇంట్లో అది రోజుకు ఎన్నోసార్లు జరిగేది.

మా ఇంటికి కాస్త అవతల ఒక పెద్దమ్మ ఉండేది. చుట్టరికం లేదు, వాడ వరుస. ఆమె చిన్నకొడుకు కాలేజీలో మాకు సీనియర్. ఆ ఏడు దసరా పోయాక ఒక పొద్దున లేచి చూస్తే లేడు. బట్టలు అట్లనే ఉన్నాయి, సైకిల్ అట్లనే ఉంది. ఆ తర్వాత ఇంటికి రకరకాల మనుషులు వచ్చిపోయేవాళ్లు. కొందరు రాత్రిపూట వచ్చి గద్దించి అడిగేవాళ్లు. కొందరు పగటిపూట వచ్చి నీ కొడుకు గొప్పోడమ్మా అని దండం పెట్టేవాళ్లు. పెద్దమ్మ ఇద్దరికీ మంచినీళ్లిచ్చేది. ఎవరు అడిగినా ఆమె మాట ఒకటే: "చిన్నోడు పనికి పోయిండు." కొడుకును తిట్టమంటే తిట్టలేదు, పొగడమంటే పొగడలేదు. తన దుఃఖాన్ని ఏ జెండాకూ ఇవ్వలేదు, ఎవరి భయానికీ ఇవ్వలేదు. పొద్దున లేచి వాకిలి ఊడ్చి, మగ్గానికి ఆసు పోసేది. నాకు అప్పుడు చిన్న వయసు, పాపం ఏమీ చేతకాక ఊరుకుంది అనుకునేవాళ్లు అనుకున్నారు. ఇప్పుడు చూస్తే, ఆ గల్లీలో ప్రతి రోజూ తెలిసి తెలిసి ఎంచుకున్న మనిషి ఆమే.

ఆ కొడుకు 90ల నడుమ బయటికొచ్చాడు. మలేరియాతో సగమై వచ్చాడు. పెద్దమ్మ ఇంకా ఉంది, ఆ తర్వాత కొన్నేళ్లు కొడుకు చేతి అన్నం తిన్నాకే పోయింది. ఆయన హన్మకొండలో జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు. మా కాలేజీ ప్రశ్నపత్రాలు తీయించడానికి పోతుండేదాన్ని. ఒకసారి కరెంటు పోయి మిషన్ ఆగింది, ఇద్దరం ఊరికే కూర్చున్నాం. సార్ చెప్పిన కథ ఎత్తాను. ఆయనా ఆ సార్ దగ్గర చదువుకున్నవాడే, కథ తెలుసు. "మరి నువ్వు పెద్దమ్మకు చెప్పి పోయినవా అన్నా?" అని అడిగేశాను.

చాలాసేపు ఏమీ అనలేదు. "చెప్పలే చెల్లే. చెప్తే ఆపుతదని కాదు. పో బిడ్డా అంటదేమోనని భయమైంది. ఆపితే తెంపుకొని పోవచ్చు. పొమ్మంటే ఇగ పోవుడు మొత్తం నాదే అయితది."

మనిషికి స్వేచ్ఛ అనేది పడిన శిక్ష అని సార్త్ర్ అన్నమాట సార్ ఎన్ని తీర్ల చెప్పినా నాకు పైపైనే తెలిసింది. ఆ జిరాక్స్ షాపులో కరెంటు లేని వేళ అది లోపలికి దిగింది. మనం ఇంట్లోవాళ్లను అడగనిది వాళ్లు కాదంటారని మాత్రమే కాదు, సరే అంటారన్న భయం కూడా ఉంటుంది. అడ్డం చెప్పేవాళ్లు ఉంటే మన నిర్ణయంలో సగం బరువు వాళ్ల మీద వేయొచ్చు. పొమ్మని చెయ్యి వదిలితే ఆ బరువంతా మన భుజం మీదికే వస్తుంది.

ఇది తెలిసే కాబోలు, మా అవ్వ నా విషయంలో ఆ సగం బరువు మోయడానికి ఒప్పుకోలేదు. కాకతీయ యూనివర్సిటీలో 1988లో ఎం.ఏ. అయ్యాక హైదరాబాదులో ఎం.ఫిల్. సీటు వచ్చింది. అదే ఏడు బాపుకు చూపు తగ్గింది, సన్నపోగు కనిపించేది కాదు. తమ్ముడు ఇంకా పదో తరగతి. పొయ్యి దగ్గర నిలబడి, ఏం చెయ్యమంటవ్ అవ్వా అని అడిగాను. జొన్నరొట్టె తిప్పుతూ చెప్పింది.

"నువ్వుంటే మాకు బాగుంటది. పోతే గూడ బతుకుతం. రెండూ నిజమే, రెండూ చెప్తున్న. ఇగ నీ మనసుల ఏమున్నదో చూసుకో. ఉంటే మాత్రం రేపు నా పేరు చెప్పకు."

ఇంత న్యాయంగా నాతో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. 'నీ ఇష్టం' అనేసి ముఖం తిప్పుకునే తల్లులను చూశాను. ఆ మాట విన్న పిల్లలకు అందులో తమ ఇష్టం ఎక్కడా కనిపించదు. 'మా గురించి నువ్వేం ఆలోచించకు' అనేవాళ్లనూ చూశాను, అది ప్రేమే గానీ నిజం కాదు. అవ్వ తనకేం కావాలో చెప్పింది, అది లేకున్నా ఆగిపోనని చెప్పింది, నా వంతు నాకు వదిలింది. గీతలో పద్దెనిమిది అధ్యాయాలు చెప్పిన కృష్ణుడు కూడా చివరికొచ్చేసరికి అర్జునుడితో 'బాగా ఆలోచించుకో, ఆపైన నీకు ఎట్ల తోస్తే అట్ల చెయ్' అంటాడు. చెప్పాల్సిందంతా చెప్పిన తర్వాతే ఆ మాట అంటాడు, అది ముఖ్యం.

నేను ఉండిపోయాను. ఉండాలనిపించింది కాబట్టి. ఈ ఊరి ఎండలు, పోచమ్మ మైదాన్ రద్దీ, శ్రావణంలో భద్రకాళి చెరువు గట్టు, మా మగ్గం చప్పుడు నాకు కావాలనిపించింది. చుట్టాల్లో ఇప్పటికీ ఎవరైనా 'తల్లిదండ్రుల కోసం చదువు ఇడిసిపెట్టిన బిడ్డ' అని మెచ్చుకుంటే, అది నా ఇష్టమని చెబుతాను. పొగడ్తే కావచ్చు, ఒప్పుకుంటే అవ్వ పేరు చెప్పినట్టే.

తర్వాత జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్‌నయ్యాను. పరకాల, జమ్మికుంట, మళ్లీ వరంగల్. పిల్లల్ని ఈ గ్రూపు ఎందుకు తీసుకున్నవ్ అంటే 'డాడీ చెప్పిండు', 'దోస్తులు చేరిన్రు', 'మార్కులు రాలె' అంటారు. నేను ఒక పని చెబుతుంటాను. ఇంటికి పోయి, నేను చదివితే మీకెట్ల ఉంటది, ఆపితే ఎట్ల ఉంటది అని అడిగి రండి అని. ఒక పిల్లవాడు చదువు ఆపి పనికి పోదామనుకున్నాడు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. అడిగి వచ్చి చెప్పాడు: "నువ్వు పనికొస్తే నాకు ఆసరానే రా, అబద్ధం ఎందుకు చెప్పాలె. గని సాయంత్రం ఇంటికి రాబుద్ధి కాదు అన్నడు మేడం." ఆ పిల్లవాడు చదువు ఆపలేదు. ఆపినా నేను తప్పనేదాన్ని కాదు.

స్వేచ్ఛ గురించి ఇంత మాట్లాడుతూ ఒక సంవత్సరాన్ని దాటి పోలేను. 1997-98లో మా జిల్లాలో పత్తికి లద్దెపురుగు పడింది. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు, అప్పు పెరిగింది. వరంగల్ పేరు ఆ ఏడు దేశమంతా పత్తి రైతుల చావుల వల్ల వినిపించింది. మా క్లాసులో తండ్రి పోయిన పిల్లలు ఉన్నారు. విత్తనం ధర, మందు ధర, పత్తి ధర, వడ్డీ, ఏ ఒక్కటీ చేతిలో లేని మనిషిని నీకు స్వేచ్ఛ ఉంది, ఎంచుకో అంటే అది తత్వం అనిపించుకోదు. ములుగు అమ్మాయి ప్రశ్న ఆ ఏడు నాకు మళ్లీ మళ్లీ వినిపించింది. 'స్వేచ్ఛ' పాఠం ఎప్పటిలా చెప్పలేకపోయాను. పాఠం అయ్యాక ఒక అమ్మాయి దగ్గరికొచ్చి, "బాపు ఆ రాత్రి మమ్ములను ఏం అడగలే మేడం. మేం గూడ అడగలే" అంది. ఆ బిడ్డకు అది నీ తప్పు కాదమ్మా అని చెప్పాను. ఇంకోసారి చెప్పాను. అప్పులు ఇచ్చినవాళ్లు, మందులు అమ్మినవాళ్లు, ధర కట్టినవాళ్లు తమకు తాము వేసుకోవాల్సిన ప్రశ్న ఒక పదహారేళ్ల పిల్ల గుండెలో దిగబడింది. ఇప్పటికీ నాకు దాని మీద కోపం పోలేదు.

హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది, 1904లో పెట్టింది. ఆదివారాలు అక్కడ కూర్చునే అలవాటు నాకు ఆ ఏడే పట్టుకుంది. ఈ ప్రశ్న మోసుకుని చదువుతుంటే రెండు సంగతులు దొరికాయి.

ఒకటి విక్టర్ ఫ్రాంకల్‌ది. వియన్నా డాక్టరు, యూదుడు. అమెరికా వీసా చేతికొచ్చింది. ముసలి తల్లిదండ్రులు ఎంతో సంతోషపడ్డారట, కొడుకు బయటపడతాడని. ఆయనకే కాళ్లు ఆడలేదు. తాను పోతే వాళ్లను శిబిరానికి తోలుకుపోతారని తెలుసు. ఇంటికొస్తే బల్ల మీద చలువరాయి ముక్క ఉంది. నాజీలు కూల్చిన ప్రార్థనాలయంలోంచి తండ్రి ఏరుకొచ్చింది. దాని మీద మిగిలిన ఒక్క అక్షరం, తల్లిదండ్రులను గౌరవించమనే ఆజ్ఞలోదని తండ్రి చెప్పాడు. ఫ్రాంకల్ ఉండిపోయాడు. 1942లో అందర్నీ తీసుకుపోయారు. తల్లీ తండ్రీ శిబిరాల్లోనే పోయారు, ఈయన ప్రాణాలతో బయటపడ్డాడు. ఈ కథ చెప్పేవాళ్లంతా ఆ రాయి గురించే చెబుతారు. నా మనసు మాత్రం వీసా వచ్చిందని సంబరపడ్డ ఆ ముసలివాళ్ల దగ్గర ఆగిపోతుంది. కొడుకు పోతే తమకేమవుతుందో వాళ్లకూ తెలుసు కదా. వాళ్లు ముందే ఎంచుకున్నారు.

రెండోది మనదే, కఠోపనిషత్తు. తండ్రి కోపంలో 'నిన్ను యముడికిస్తున్నా పో' అంటే నచికేతుడు నిజంగానే పోయాడు. యముడు ఇంట్లో లేడు. మూడు రాత్రులు అన్నం లేకుండా గుమ్మంలో ఉన్నందుకు యముడు వచ్చి మూడు వరాలిచ్చాడు. అందరూ మూడో వరం గురించే మాట్లాడతారు, చనిపోయాక మనిషి ఉంటాడా ఉండడా అన్న ప్రశ్న అదే కాబట్టి. ఆ పిల్లవాడు మొట్టమొదట అడిగింది మాత్రం ఇంటి దగ్గరున్న తండ్రి గురించి. నాన్న కోపం పోవాలి, మనసు కుదుటపడాలి, నేను తిరిగి వెళ్తే నన్ను గుర్తుపట్టి పలకరించాలి అని. యముడు అట్లనే అన్నాడు, మీ నాన్న ఇక రాత్రిళ్లు సుఖంగా నిద్రపోతాడని చెప్పాడు. చావు ముఖం మీద ముఖం పెట్టి నిలబడి, ఉనికి గురించి అడిగే ముందు, ఇంట్లో నిద్రపట్టని మనిషిని తలుచుకున్నాడు చూడండి. ఆ పేజీ తెరిచి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అవ్వ అప్పటికి ఇంకా ఉంది. ఇంటికి పోయి చెప్తే, "గా పిలగాడు మంచోడు" అంది.

మా కొడుకు 2017లో ఎం.ఎస్.కు డల్లాస్ పోయాడు. ఇప్పుడు వరంగల్లో ఏ వాడకు పోయినా ఇంటికొకరు అక్కడే ఉన్నారు. ఎయిర్‌పోర్టుకు పోయి వచ్చిన రాత్రి ఇంట్లో ఎంత నిశ్శబ్దం ఉంటుందో ఇక్కడ చాలామందికి తెలుసు. వాడు పోయే ముందు నన్ను అడిగాడు. అవ్వ మాటే చెప్పాను: ఉంటే మాకు బాగుంటది, పోతే గూడ బతుకుతం, రెండూ నిజమే. ఏడ్వకుండా చెప్పాను. వాడు పోయాడు, వాడి నిర్ణయం వాడు మోస్తున్నాడు. ఫోన్లో టెన్షన్ పడ్డ రోజున కూడా 'నువ్వు పొమ్మన్నవు' అని ఎన్నడూ అనలేదు.

వచ్చే ఏడు నా రిటైర్మెంట్. నన్నూ మా ఆయననూ అక్కడికి వచ్చి ఉండమంటున్నాడు. మనవరాలు పుట్టింది, మూడు బెడ్‌రూముల ఇల్లు తీసుకున్నాడు. మా ఆయన "నువ్వెట్లంటే అట్ల" అన్నాడు. అట్ల కుదరదు, మీకేం కావాల్నో మీరు చెప్పాలె అన్నాను. రెండు రోజులు ఆలోచించి, కీళ్లనొప్పులతో అంత చలి తనవల్ల కాదని, మనవరాలిని ఎత్తుకోవాలని మాత్రం ఉందని చెప్పాడు. మంచిది, రెండూ బయటికొచ్చాయి.

ఈసారి ఎంచుకోవాల్సింది నేను, ఇంట్లో ఎదురుచూసేది వాడు. పోయిన ఆదివారం వీడియో కాల్లో అడిగాను. "మేం వస్తే నీకెట్ల ఉంటది, రాకుంటే ఎట్ల ఉంటది, రెండూ నిజం చెప్పు" అని. వాడు ఏదో అనబోయి ఆగాడు. "కొంచెం టైమియ్యి అమ్మా" అన్నాడు. ఇచ్చాను.